మన రీలు మనమే కడుగుదాం

చెల్లీ, అటక మీది రీలు కెమెరా దించి దుమ్ము దులిపావనీ, అప్పుడే రెండు రీళ్ళు తీసేశావనీ విని ఎంత సంతోషమేసిందో! ఇక నీ బెంగల్లా వాటిని ఎక్కడ కడిగించాలా అని. మన వీధి స్టూడియోల్లో రీళ్ళు కడగడం ఏనాడో మానేశారు. కడిగే ల్యాబులు ఏ పెద్ద ఊళ్ళోనో ఒకటీ అరా ఉన్నాయి. కొరియర్‌లో పంపాలి, దారిలో ఏమవుతుందోనని గుండెలు చిక్కబట్టుకోవాలి, ఆపైన ఎప్పుడొస్తాయా అని ఎదురుచూడాలి. నా మాట విని నువ్వే కడుక్కో. ఇంట్లోనే, మన స్నానాల గదిలోనే. ఆ తర్వాత స్కానింగూ నువ్వే చేసుకో.

నాలుగు రీళ్ళు కడిగేసరికి డబ్బు కలిసొస్తుందన్న మాట నిజమే. అయినా నేను చెప్పేది అందుకు కాదు. నువ్వు తీసిన బొమ్మని అందరికన్నా ముందు చూసేది నువ్వే అవుతావు. నాకు దీంట్లో అన్నిటికన్నా విలువగా తోచేది అదే. ఒకప్పుడు మన ఇళ్ళలో ఏం తీసేవాళ్ళమో గుర్తుచేసుకో. పెళ్ళి, ఓణీల ఫంక్షను, పుట్టినరోజు కేకు. పాపకి పాలు పడుతున్న అక్కనీ, తలంటుకుని జుట్టు ఆరబెట్టుకుంటున్న అమ్మనీ, అలిగి మూల కూర్చున్న వదిననీ తీసిన ఫొటో ఎన్ని ఆల్బముల్లో ఉంది చెప్పు? తీయాలని ఉండేది. కానీ రీలు స్టూడియోకి వెళ్ళాలి, అక్కడ ఎవరో కడగాలి, ఇంకెవరో ప్రింటు వేయాలి, కవర్లో పెట్టి మన చేతికిచ్చేలోగా ఎంతమంది కళ్ళబడుతుందో తెలియదు. ఆ జంకుతో ఎత్తిన కెమెరా కూడా దించేసేవాళ్ళం.

ఈ జంకు మనతో మొదలైంది కాదులే. రాజా దీన్‌దయాళ్ పేరు వినే ఉంటావు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్. సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన ఆయన 1892లో హైదరాబాద్‌లో కేవలం ఆడవాళ్ళ కోసం ఒక జెనానా స్టూడియో తెరిచాడు. పరదా పాటించే ఇళ్ళ ఆడవాళ్ళు మగవాడి కెమెరా ముందుకు రారు కదా! అందుకని దాన్ని కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషు ఆవిడకి అప్పజెప్పాడు. 130 ఏళ్ళ కిందటే మన హైదరాబాద్‌లో తమ బొమ్మ ఎవరి చేతుల మీదుగా రావాలో చూసుకున్న ఆడవాళ్ళు ఉన్నారంటే, వాళ్ళెవరో తెలియకపోయినా మనవాళ్ళే అనిపిస్తుంది నాకు.

ఇప్పుడు పనిలోకి వద్దాం. "డార్క్‌రూము కావాలి కదక్కా, ఎర్ర బల్బూ అదీ?" అంటావు. అక్కర్లేదు. ఎర్ర బల్బు కాగితం మీద ప్రింట్లు వేసుకునేవాళ్ళకి. ఫిల్ముకి ఏ రంగు వెలుతురూ పనికిరాదు, కటిక చీకటి కావాలి. అయితే ఆ చీకటి కావలసింది రీలు విప్పి ట్యాంకులో పెట్టే ఆ కాసేపే. దానికి ఛేంజింగ్ బ్యాగు దొరుకుతుంది. రెండు పొరల నల్లగుడ్డ సంచీ, చేతులు దూర్చడానికి ఎలాస్టిక్ ఉన్న రెండు చేతులూ ఉంటాయి. ట్యాంకు మూత పడ్డాక ఇక పట్టపగలే పని చేసుకోవచ్చు. మందులు పోయడానికి దాని మూతలోనే దారి ఉంటుంది, వెలుతురు మాత్రం లోపలికి పోదు.

స్నానాల గది సంగతి వచ్చింది కాబట్టి వివియన్ మేయర్ గురించి చెప్పాలి. చికాగోలో పిల్లల్ని చూసుకునే ఆయాగా బతికిన మనిషి. 1950ల్లో పనికి కుదిరిన ఒకరింట్లో తనకంటూ ఇచ్చిన స్నానాల గదినే డార్క్‌రూముగా చేసుకుంది. ఆ ఇల్లు వదిలాక అలాంటి వసతి మళ్ళీ కుదరలేదు. తీసిన రీళ్ళు తీసినట్టే పోగుపడ్డాయి. 2007లో ఆవిడ సామాను వేలంలో అమ్ముడుపోయినప్పుడు, కడగని రీళ్ళు వందలకొద్దీ బయటపడ్డాయి. 2009లో ఆవిడ పోయింది. ఇవాళ లోకమంతా మెచ్చుకుంటున్న బొమ్మల్లో ఎన్నో ఆవిడ ఒక్కసారైనా చూసుకోలేదు. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు కడుపులో తిప్పినట్టుంటుంది. నీ డ్రాయరులో రీళ్ళు అలా పడి ఉండకూడదనే నా పోరు.

కొనవలసినవి పెద్దగా లేవు. ఒక ట్యాంకు, అందులో ఫిల్ము చుట్టే ప్లాస్టిక్ స్పైరల్. ప్యాటర్సన్ వాళ్ళది ఎక్కువమంది వాడతారు. 35 మిల్లీమీటర్ల రీలు ఒకటైతే 290 మిల్లీలీటర్ల మందు చాలని దాని అడుగునే రాసి ఉంటుంది. ఛేంజింగ్ బ్యాగు ఒకటి, ఒక డిగ్రీ తేడా కూడా చూపే థర్మామీటరు ఒకటి, కొలత గీతలున్న జగ్గు, మూత గట్టిగా పడే సీసాలు మూడు, కత్తెర, సోడా మూత తీసే ఓపెనరు, బట్టల క్లిప్పులు. వీటిలో ఏదీ మళ్ళీ వంటింట్లోకి పోకూడదు. ఇది గట్టిగా పట్టుకో. మందు కొలిచిన గ్లాసు ఎంత కడిగినా మందు గ్లాసే.

మొదటి రీలు నలుపు తెలుపుదే పెట్టుకో. ఇల్‌ఫోర్డ్ హెచ్‌పీ5 గానీ కొడాక్ ట్రై-ఎక్స్ గానీ. రెండూ 400 స్పీడువి, కాస్త అటూ ఇటూ అయినా బొమ్మ నిలబెట్టే మంచి మనసున్న ఫిల్ములు. డెవలపరుకి కొడాక్ డీ-76 గానీ ఇల్‌ఫోర్డ్ ఐడీ-11 గానీ తెచ్చుకో. డీ-76 1927 నాటి మందు, ఇంకా వాడుకలో ఉందంటే అది ఎంత నమ్మకమైనదో చూడు.

లోపల జరిగేదేమిటో తెలిస్తే చెయ్యి వణకదు. ఫిల్ము మీద జెలటిన్ పూత ఉంటుంది, అందులో వెండి లవణాల పలుకులు. వెలుతురు తగిలిన పలుకుల్లో కంటికి కనపడనంత మార్పు వస్తుంది. డెవలపరు ఆ మార్పు వచ్చిన పలుకుల్ని మాత్రమే ఏరి నల్లని వెండిగా మారుస్తుంది. వెలుతురు తగలని లవణాన్ని ఫిక్సరు కరిగించేస్తుంది. మన స్టూడియోల వాళ్ళు హైపో అనేవారు చూడు, అదే. ఆ ఉప్పు వెండి లవణాల్ని కరిగిస్తుందని జాన్ హెర్షెల్ 1819లోనే కనిపెట్టాడు. అప్పటికి ఫొటో అన్నదే పుట్టలేదు. కొడుకు పుట్టక ముందే కుట్టిన చొక్కా అన్నమాట.

అన్నిటిలోకీ భయపెట్టేది ఫిల్ముని స్పైరల్లోకి ఎక్కించడం. ఒక పాత రీలు బలిచ్చి పగటి వెలుతుర్లో అదే పని చెయ్యి, తర్వాత కళ్ళు మూసుకుని చెయ్యి. నీ వేళ్ళు నేర్చుకునేదాకా అసలు రీలు జోలికి పోకు. అసలుది ఎక్కించే రోజున బ్యాగులో ట్యాంకు, స్పైరల్, కత్తెర, ఓపెనరు, రీలు అన్నీ సర్దు. ట్యాంకు మధ్యలో ఉండే నల్ల గొట్టం మరిచిపోకు, వెలుతురుని ఆపేది అదే. జిప్పులు రెండూ మూసి చేతులు దూర్చు. ఓపెనరుతో డబ్బా మూత లేపితే ఫిల్ము చుట్ట బయటికొస్తుంది. నాలిక భాగం తిన్నగా కత్తిరించి, రెండు మూలలూ కాస్త గుండ్రంగా కోస్తే ఎక్కడా తట్టుకోదు. స్పైరల్ అంచున రెండు చిన్న బుడిపెలు వేలికి తగులుతాయి. వాటి కింద నుంచి ఫిల్ము కొన లోపలికి పంపి, ఒక జానెడు లాగి, రెండు పక్కలనీ ముందుకీ వెనక్కీ తిప్పుతూ పో. లోపల ఫిల్ము సాఫీగా పోతోందో, ఎక్కడైనా గాడి తప్పిందో నీ వేళ్ళకే తెలుస్తుంది. పట్టేసినట్టు అనిపిస్తే బలవంతం చేయకు. స్పైరల్‌ని మెల్లగా తట్టి, కొంచెం వెనక్కి లాగి మళ్ళీ పంపు. ఆఖరున మధ్యకర్ర దగ్గర టేపు తగులుతుంది, అక్కడ కత్తిరించు. స్పైరల్ గొట్టానికి తొడిగి, ట్యాంకులో పెట్టి, మూత తిప్పితే టిక్కుమంటుంది. ఆ శబ్దం విన్నాకే జిప్పు తియ్యి.

ఒక్క జాగ్రత్త. మన ఎండల్లో ఆ సంచీలో చేతులు ఇట్టే చెమటలు పడతాయి. తడి తగిలిన ఫిల్ము ప్లాస్టిక్‌కి అతుక్కుని ఇక కదలదు. అందుకని తెల్లవారుజామునో, ఏసీ గదిలోనో ఎక్కించు. స్పైరల్ ముందురోజే కడిగి ఎండబెట్టుకో. మధ్యలో చెమట పట్టిందా, ఫిల్మునీ ఆ నల్ల గొట్టాన్నీ ట్యాంకులో పెట్టి మూత బిగించి చేతులు బయటికి తీసి ఆరబెట్టుకో. తొందరేం లేదు, ట్యాంకులో అది భద్రంగానే ఉంటుంది.

ఇక వేడి సంగతి. పుస్తకాలన్నీ 20 డిగ్రీలంటాయి. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో కుళాయి తిప్పితే వచ్చేవి కాగిన నీళ్ళే కదా! ఇక్కడే మనవాళ్ళు చాలామంది నీరుగారిపోతారు. ఏం లేదు, బట్టలు నానబెట్టే టబ్బులో నీళ్ళు పోసి ఐసు గడ్డలు వేసి, మందు సీసాలన్నీ అందులో నిలబెట్టు. కడగడానికి వాడే నీళ్ళ బకెట్టు కూడా ముందే చల్లబరుచుకో. చల్లని మందులోంచి తీసి వేడి నీళ్ళు పోస్తే జెలటిన్ ఒక్కసారిగా ఉబ్బి బొమ్మంతా సన్నగా పగుళ్ళిచ్చినట్టు ముడతలు పడుతుంది. 20కి దింపలేకపోతే 24 దగ్గర ఆగు, దానికి తగ్గట్టు సమయం తగ్గించు. ఉజ్జాయింపుగా డిగ్రీకి పదోవంతు తగ్గుతుంది. ఫిల్ము కంపెనీల పట్టికల్లో లెక్క దొరుకుతుంది, దాన్నే నమ్ము. మొత్తం మీద 5 నిమిషాల లోపుకి మాత్రం పోనీకు, మందు ఒకచోట ఎక్కువా ఒకచోట తక్కువా పట్టి మచ్చలు వస్తాయి.

హెచ్‌పీ5కి ఐడీ-11 మందులో దానికి సమంగా నీళ్ళు కలిపితే 20 డిగ్రీల దగ్గర 13 నిమిషాలు. మందు పోయగానే మూత బిగించి పది సెకన్లలో నాలుగుసార్లు తలకిందులు చేసి, గట్టు మీద ఒకసారి టక్కున కొట్టు. ఫిల్ముకి అంటుకున్న గాలి బుడగలు పోతాయి. ఆపైన ప్రతి నిమిషం మొదట్లో అలాగే నాలుగుసార్లు. నిమిషానికీ నిమిషానికీ మధ్య దాన్ని కదపకు. ఫోను కూడా పక్క గదిలో పెట్టు. ఆ 13 నిమిషాలూ నీవే. మనకి ఇంట్లో అలాంటి 13 నిమిషాలు ఎన్ని దొరుకుతాయి?

సమయం కాగానే డెవలపరు వంపేసి, దాని పని ఆపే స్టాప్ బాత్ పొయ్యి. దానికి బజారు మందే కానక్కర్లేదు, లీటరు నీళ్ళలో 15 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపితే చాలు. అర నిమిషం ఉంచి తీసెయ్. తర్వాత ఫిక్సరు. ర్యాపిడ్ ఫిక్సరు అయితే ఒక పాలు మందుకి నాలుగు పాళ్ళు నీళ్ళు, 5 నిమిషాల లోపే పని అయిపోతుంది. దాని సత్తా ఎంత ఉందో తెలుసుకోవడానికి కత్తిరించి పారేసిన ఆ నాలిక ముక్కని అందులో వెయ్యి. తెల్లటి మసక పోయి పారదర్శకం కావడానికి ఎంతసేపు పట్టిందో, దానికి రెట్టింపు సేపు ఫిల్ముని ఉంచాలి. ఇంతకు ముందుకన్నా చాలా ఆలస్యమవుతోందంటే ఫిక్సరు నీరసించిందన్నమాట, మార్చెయ్.

కుళాయి కింద గంటలకొద్దీ కడగాలని పాతవాళ్ళు చెప్తారు. నీటి ట్యాంకరు కోసం బిందెలు పట్టుకుని నిలబడే ఊళ్ళలో అది పాపం. ఇల్‌ఫోర్డ్ వాళ్ళ పద్ధతి చక్కగా ఉంది. ట్యాంకు నిండా నీళ్ళు పోసి 5 సార్లు తలకిందులు చేసి వంపెయ్. మళ్ళీ పోసి 10 సార్లు. మళ్ళీ పోసి 20 సార్లు. అంతే, మూడు ట్యాంకుల నీళ్ళు. చివరగా ముంచే నీళ్ళు మాత్రం బోరు నీళ్ళు కాకూడదు, ఆరాక తెల్లటి సున్నపు మరకలు కడతాయి. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటరు సీసా కొనుక్కుని, అందులో నీళ్ళు మరక కట్టకుండా జారిపోయేలా చేసే వెట్టింగ్ ఏజెంటు రెండు చుక్కలు వేసి ముంచు.

మందుల దగ్గర చిన్నచూపు వద్దు. డెవలపర్లలో ఉండే మెటాల్ కొందరి చేతులకి పడదు, దురదలూ దద్దుర్లూ వస్తాయి. చేతి తొడుగులు వేసుకో, కిటికీ తీసి ఉంచు, చంటిపిల్లల చేతికి అందనివ్వకు, ఏ సీసాలో ఏముందో పెద్ద అక్షరాలతో రాసి అంటించు. కూల్‌డ్రింకు సీసాల్లో మందులు పోసిపెట్టడం అంత ప్రమాదం ఇంకొకటి లేదు. వాడిన ఫిక్సర్లో కరిగిన వెండి ఉంటుంది, దాన్ని మొక్కల మొదట్లోనూ కాలవలోనూ పోయకు. ఒక క్యానులో పోగుచెయ్యి. ఎక్స్‌రే ఫిల్ములు కడిగే చోట్ల నుంచి పాత ఫిక్సరు పట్టుకెళ్ళి వెండి తీసుకునేవాళ్ళు ఉంటారు, వాళ్ళకి ఇచ్చెయ్.

మధ్యలో ఒక ముచ్చట. మందుల వాసనకీ ఖరీదుకీ వెనకాడేవాళ్ళ కోసం కాఫీతో చేసే డెవలపరు ఒకటుంది, పేరు కాఫినాల్. 1995లో అమెరికాలోని రోచెస్టర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో స్కాట్ విలియమ్స్ అనే మాస్టారు, ఆయన విద్యార్థులు కలిసి తేల్చిన సంగతి ఇది. లీటరు నీళ్ళలో పొడిగా ఉన్న బట్టల సోడా 54 గ్రాములు కరిగించి, విటమిన్ సి పొడి 16 గ్రాములు, ఆ తర్వాత ఇన్‌స్టంట్ కాఫీ పొడి 40 గ్రాములు కలపాలి. 20 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు. వంట సోడా వేస్తే పని చేయదు, అది వేరు, ఇది వేరు. చికోరీ కలిపిన కాఫీ కూడా తీసుకోకు, మందు పనిచేసేది కాఫీలో ఉండే ఆమ్లాల వల్ల. వాసన మాత్రం ఘోరంగా ఉంటుంది, ముందే చెప్తున్నా. ఫిక్సరు తప్పనిసరిగా అసలుదే కావాలి. మొదటి రీలు దీంతో వద్దు. చెయ్యి తిరిగాక ఎప్పుడైనా ఒక ఆదివారం, టెన్త్ చదివే పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యి. దానికి కెమిస్ట్రీ మీద ఇష్టం పుట్టకపోతే అడుగు నన్ను.

స్పైరల్ విప్పి ఫిల్ముని పైకెత్తిన క్షణం మాటల్లో పెట్టలేను. నీళ్ళు కారుతూ పొడుగ్గా వేలాడుతుంటుంది. వెలుతురుకి అడ్డంగా పట్టుకుంటే నల్లటి ఆకాశం, తెల్లటి జుట్టుతో పిల్లలు, బూడిదరంగు చీరలు, వరసగా ఒకదాని కింద ఒకటి. ఎంత ఆత్రంగా ఉన్నా అప్పుడు తుడవకు, వేలు పెట్టకు. తడి జెలటిన్ మీద గోరు తగిలినా గీత ఉండిపోతుంది. పైన ఒక క్లిప్పు, కిందకి బరువుగా ఇంకో క్లిప్పు పెట్టి స్నానాల గదిలో వేలాడదీసి, ఫ్యాను ఆపి, తలుపు మూసెయ్. వేడినీళ్ళు కాసేపు వదిలి గదిలో ఆవిరి పట్టిస్తే గాల్లో దుమ్ము కిందికి దిగిపోతుంది. వానాకాలంలో ఆరడానికి ఎక్కువసేపు పడుతుంది, పూర్తిగా ఆరకుండా చుట్టి పెడితే బూజు పడుతుంది. ఆరాక ఆరేసి బొమ్మల చొప్పున కత్తిరించి నెగటివ్ కవర్లలో పెట్టు.

కలర్ రీళ్ళు కూడా ఇంట్లో కడగొచ్చు. సీ-41 అంటారు, 1972 నుంచీ అదే పద్ధతి. 38 డిగ్రీల దగ్గర 3 నిమిషాల 15 సెకన్లు. చల్లని దేశాల వాళ్ళు ఆ వేడి నిలబెట్టడానికి అవస్థ పడతారు, మన ఎండాకాలం అందులో సగం పని తనే చేసిపెడుతుంది. కానీ అర డిగ్రీ తేడాకే రంగులు మారతాయి. నలుపు తెలుపులో నీ చేతికి ఒడుపు వచ్చాక దానికి వెళ్ళు, తొందర పడకు.

స్కానింగుకి వద్దాం. ఆఫీసుల్లో కాగితాలు స్కాన్ చేసేది పనికిరాదు, దానికి పైమూతలో లైటు ఉండదు. నెగటివ్‌కి వెనక నుంచి వెలుతురు రావాలి. ఎప్సన్ వీ600లాంటి ఫ్లాట్‌బెడ్ స్కానరు 35 మిల్లీమీటర్ల ఫిల్మునీ, పాత పెద్ద సైజు 120 ఫిల్మునీ రెండింటినీ తీసుకుంటుంది. ఇంట్లో ఎవరికైనా మంచి డిజిటల్ కెమెరా, దగ్గర నుంచి తీసే మాక్రో లెన్సు ఉంటే అదీ మార్గమే. ఎల్ఈడీ లైటు పలక మీద నెగటివ్ పెట్టి, కెమెరా స్టాండుకి బిగించి పైనుంచి తీయడమే. కెమెరా తిన్నగా ఉందో లేదో చూడటానికి నెగటివ్ చోట చిన్న అద్దం పెట్టి కెమెరాలోంచి చూడు. లెన్సు నడిమధ్యన తన బొమ్మే తనకి కనబడితే సరిగ్గా ఉన్నట్టు.

డీపీఐ దగ్గర అందరూ ఆశకి పోతారు. 35 మిల్లీమీటర్ల బొమ్మ అసలు కొలత 36 మిల్లీమీటర్ల పొడవు, 24 వెడల్పు. 2400 డీపీఐకి స్కాన్ చేస్తే సుమారు 3400కి 2270 పిక్సెళ్ళు వస్తాయి. 11 అంగుళాల ప్రింటు చక్కగా వేయించుకోవచ్చు. ఇంటి అవసరాలకి అది చాలు. ఫైలుని టిఫ్‌గా, వీలైతే 16 బిట్లలో దాచుకో, పంచుకోవడానికి జేపెగ్ వేరేగా తీసుకో. స్కానరు తనంతట తాను దుమ్ము తుడిచే డిజిటల్ ఐస్ అనే సౌకర్యం ఉంటుంది. కలర్ నెగటివ్‌లకి దివ్యంగా పనిచేస్తుంది. నలుపు తెలుపుకి మాత్రం దాన్ని ఆపెయ్. అది పరారుణ కిరణాలతో దుమ్ముని పట్టుకుంటుంది, నలుపు తెలుపు బొమ్మలో ఉండే వెండి కూడా ఆ కిరణాల్ని అడ్డుకుంటుంది. దాంతో మన అమ్మమ్మ ముఖాన్నే దుమ్మనుకుని తుడిచేస్తుంది. ముందే రబ్బరు బంతి ఊదే సాధనంతో దుమ్ము ఊది, మిగిలిన మచ్చలు స్క్రీను మీద చేత్తో తీసుకో. ఫిల్ము మెరిసే వైపూ, మసక వైపూ ఉంటుంది, మందు పూత ఉన్నది మసక వైపు. అంచున ఉన్న అంకెలు తిన్నగా చదవగలుగుతున్నావా చూసుకో, లేకపోతే ఎడమ చేతి గాజులు కుడి చేతికి పోతాయి.

స్కానింగు నేర్చుకున్నాక నువ్వు మొట్టమొదట చేయవలసింది నీ కొత్త రీళ్ళు కాదు, ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉన్న పాత నెగటివ్‌లు. చాలా ఇళ్ళలో ఆగ్ఫా క్లిక్-3 కెమెరా ఉండేది, 120 ఫిల్ము మీద చతురస్రంగా 12 బొమ్మలు వచ్చేవి. ఊటీలో 1960లో పెట్టిన ప్రభుత్వ సంస్థ హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వాళ్ళ ఇందు ఫిల్ము వాడిన ఇళ్ళూ ఎన్నో. ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు లేదు. ఆ ఫిల్ముల్లో పడిన ముఖాలు మాత్రం మన పెట్టెల్లోనే ఉన్నాయి. ఒక్కొక్కటీ 6 సెంటీమీటర్ల పలక. స్క్రీను మీద పెద్దది చేస్తే చీర జరీలో పోగులు కనబడతాయి.

అలాంటిదే ఒకటి మా ఇంట్లోది చెప్తాను. అమ్మమ్మ, తాతయ్య కుర్చీల్లో కూర్చుని ఉన్న ఫొటో, చిన్నప్పటినుంచీ గోడ మీద చూస్తున్నదే. స్టూడియో వాళ్ళు ప్రింటు వేసేటప్పుడు పక్కలు కత్తిరించారు. నెగటివ్ స్కాన్ చేస్తే కుడిపక్క గుమ్మం కూడా ఉంది. ఆ గుమ్మంలో తలుపు రెక్క పట్టుకుని, చేతిలో తడి గుడ్డతో మా పెద్దత్తమ్మ నిలబడి ఉంది, పద్నాలుగేళ్ళ పిల్ల. ఫొటోకి రమ్మని ఎవరూ పిలవలేదు కాబోలు, పనిలోంచి వచ్చి చూస్తోంది. ఆవిడ చిన్నతనంలో తీసిన ఫొటో ఇంకొకటి లేదు. ప్రింటు తీసి ఫ్రేము కట్టించి ఇస్తే ముందు నమ్మలేదు. తర్వాత ఆ తలుపు గొళ్ళేన్ని కూడా వేలుపెట్టి చూపించింది.

పాత నెగటివ్‌లు ముట్టుకునేటప్పుడు అంచులే పట్టుకో. బూజు పట్టినవాటిని నీళ్ళతో తుడవకు, బూజు తిన్న జెలటిన్ నీళ్ళలో కరిగి బొమ్మతో సహా వచ్చేస్తుంది. పొడి గుడ్డతో రుద్దనూ వద్దు. ఉన్నది ఉన్నట్టే ముందు స్కాన్ చేసెయ్. పెట్టె తెరవగానే వెనిగరు వాసన కొట్టిందంటే ఆ ఫిల్ము తనంతట తనే శిథిలమవుతోందని గుర్తు. వాటిని వేరే డబ్బాలో పెట్టి మిగతా అన్నిటికన్నా ముందు స్కాన్ చెయ్యి, వాసన పక్కవాటికీ అంటుకుంటుంది. స్కాన్ అయింది కదా అని నెగటివ్‌లు పారెయ్యకు. హార్డ్‌డిస్కు ఏ రోజైనా మొరాయించవచ్చు. రెండు కాపీలు రెండు ఇళ్ళలో ఉంచు, నెగటివ్‌లు మాత్రం సిలికా జెల్ పొట్లాలు వేసిన డబ్బాలో నీ దగ్గరే ఉంచుకో.

ఇంకొక్కటే మిగిలింది, పేర్లు. ఏ బొమ్మలో ఎవరున్నారో చెప్పగలిగినవాళ్ళు ఇంట్లో ఇద్దరో ముగ్గురో మిగిలి ఉంటారు. ఈ పండక్కి వెళ్ళినప్పుడు ల్యాప్‌టాప్ వాళ్ళ ముందు పెట్టి ఒక్కొక్కటీ అడుగు, వాళ్ళు చెప్పింది ఫోనులో రికార్డు చేసుకో. ముఖాల పేర్లతో పాటు ఫొటో తీసిందెవరో కూడా అడుగు. మన దేశపు మొదటి మహిళా ప్రెస్ ఫొటోగ్రాఫర్ హొమాయ్ వ్యారావాలా తొలి రోజుల్లో తీసిన ఫొటోలు ఆవిడ భర్త మానెక్‌షా పేరు మీద అచ్చయ్యాయి. మన ఇళ్ళలో కెమెరా నొక్కిన పిన్నికీ అత్తయ్యకీ అలా కాకూడదు. నెగటివ్ కవరు మీద మెత్తటి పెన్సిలుతో రాయి, బాల్‌పెన్ను వద్దు, ఒత్తిడికి లోపల గీత పడుతుంది, సిరా కూడా దిగుతుంది. నెగటివ్ లోపల పెట్టక ముందే రాయాలి సుమా. ఊరు, సంవత్సరం, ఎడమ నుంచి కుడికి పేర్లు, కింద తీసినవాళ్ళ పేరు. నీ రెండు రీళ్ళ కవర్ల మీద నీ పేరు రాసుకోవడం మరిచిపోకు.